పెరటి మొక్కల ఎంపిక: పువ్వు కంటే ముందు వేరు చూడాలి

ఇంటి నిర్మాణం పూర్తయిన తరువాత చుట్టూ మిగిలిన రెండు మూడు సెంట్ల స్థలంలో మొక్కలు పెంచుకోవాలన్న కోరిక చాలామంది గృహస్థులకు ఉంటుంది. రోజూ నీరు కట్టడానికి, నెలనెలా కొమ్మలు కత్తిరించడానికి, పురుగుమందులు చల్లడానికి తీరిక ఉన్నవారు మాత్రం తక్కువ. అందువలన "పెద్దగా పని పెట్టని మొక్కలు ఇవ్వండి" అని నర్సరీలో అడగడం పరిపాటి అయింది. ఆ రోజున పూతతో కళకళలాడుతున్న మొక్కలే చేతికి వస్తాయి. జూలైలో ముచ్చటగా నాటిన వాటిలో కొన్ని మరుసటి ఏప్రిల్ నాటికి ఎండిపోతాయి. ఎండలనూ నేలనూ నిందించడం తేలికే గానీ, ఆ నష్టంలో ఎక్కువ భాగం కొనుగోలు చేసిన నాడే నిర్ణయమై ఉంటుంది.

మట్టిగడ్డ చెప్పే సంగతులు

తూర్పు గోదావరి జిల్లా కడియం మండలంలోని కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వంటి గ్రామాలు నర్సరీలకు దేశమంతటా ప్రసిద్ధి. రెండు తెలుగు రాష్ట్రాలలోని పట్టణ నర్సరీలలో అమ్మే మొక్కలలో చాలావరకు ఆ ప్రాంతం నుండి లారీలలో వచ్చినవే. గోదావరి ఒండ్రుమట్టి, పుష్కలమైన నీరు, గాలిలో తేమ ఉన్న చోట పెరిగిన మొక్క అది. దానిని తెచ్చి రంగారెడ్డి జిల్లాలోని ఎర్ర చెలక నేలలోనో, గుంటూరు ప్రాంతపు నల్లరేగడిలోనో నాటినప్పుడు మొక్కతో పాటు పరాయి మట్టిని కూడా నాటుతున్నామని గుర్తించాలి.

జిగట గల ఒండ్రుమట్టి గడ్డ చుట్టూ తేలికపాటి ఎర్రమట్టి ఉంటే, పాదులో పోసిన నీరు గడ్డలోనికి ఇంకక దాని పక్కల నుండి జారిపోతుంది. గడ్డ ఒకసారి పూర్తిగా ఎండితే కుంచించుకొని గట్టిపడుతుంది. పైకి పాదు తడిగానే కనిపిస్తుంది. లోపల వేర్లు మాత్రం దాహంతో ఉంటాయి. దీనికి విరుద్ధంగా, కొబ్బరి పొట్టుతో నింపిన సంచిలో పెరిగిన మొక్కను నల్లరేగడిలో నాటితే, చుట్టూ ఉన్న సన్నని మట్టి గడ్డలోని తేమను తనవైపు లాగుకుంటుంది. ఎండిన కొబ్బరి పొట్టు మళ్ళీ తేలికగా తడవదు కూడా. రోజూ నీళ్ళు పోస్తున్నా మొక్క వాడిపోయిందని చెప్పేవారి మాట చాలాసార్లు నిజమే. పోసిన నీరు వేరుకు చేరలేదు.

ఈ కారణంగా నర్సరీలో మొదట అడగవలసినది పువ్వు రంగు కాదు, మొక్క ఏ మట్టిలో పెరిగింది, సంచిలో ఎంతకాలంగా ఉంది అన్నది. సంచి అడుగు రంధ్రాల నుండి లావైన వేర్లు బయటకు వచ్చి నేలలోనికి దిగి ఉంటే ఆ మొక్కను వదిలివేయడం మేలు. దానిని ఎత్తేటప్పుడే ముఖ్యమైన వేర్లు తెగిపోతాయి. వీలైతే ఒక సంచిని చీల్చి చూపించమని కోరాలి. మొహమాటపడవలసిన పని లేదు, మంచి నర్సరీవారు కాదనరు. వేర్లు సంచి గోడ వెంట చుట్టలు చుట్టుకొని ఉంటే, నాటిన తరువాత కూడా అవి అదే వలయంలో లావెక్కి, కొన్నేళ్ళకు కాండాన్నే బిగిస్తాయి. వేర్లపై బుడిపెలు కనిపిస్తే అవి నులిపురుగుల గుర్తు. జామలోను, దానిమ్మలోను వీటిని తప్పక పరిశీలించాలి. సంచిలో తుంగ మొలిచి ఉంటే, మొక్క ఎంత బాగున్నా కొనకపోవడమే మంచిది. తుంగ గడ్డ ఒక్కసారి పెరటిలో ప్రవేశిస్తే తక్కువ శ్రమ అన్న మాటే మరచిపోవాలి.

పొడవు చూసి మోసపోరాదు. ఊతకర్ర లేకుండా నిలబడగల, కాండం మొదట లావుగా ఉన్న పొట్టి మొక్క చిన్న సంచిలో తక్కువ ధరకు దొరుకుతుంది, కొత్త నేలలో త్వరగా వేరూనుతుంది కూడా. ఇరుకు సంచిలో నిలువెత్తు పెరిగిన మొక్కకు ఆకులు ఎక్కువ, వాటిని పోషించే వేర్లు తక్కువ. అలాగే షేడ్‌నెట్ నీడలోని మొక్కలను విడిచి, ఆరుబయట ఎండలో కొన్ని వారాలు గట్టిపడిన వాటిని ఎంచుకోవాలి.

ఏ మొక్క, ఎంత చోటు

కత్తిరింపు పని మొక్క స్వభావం వల్ల కంటే చోటు తప్పడం వల్లనే ఎక్కువగా వస్తుంది. ఐదు మీటర్లు విస్తరించే చెట్టును గోడకు మీటరు దూరంలో నాటి, ఏటా నరకడం మన పట్టణాలలో నిత్యం కనిపించే దృశ్యం. ప్రతి మొక్క పూర్తిగా పెరిగినప్పుడు ఎంత వెడల్పు అవుతుందో తెలుసుకొని, అందులో సగం దూరమైనా గోడకు వదలాలి. కంచెగా పసుపు పచ్చని డురంటా నాటితే నెలకొకసారి కత్తెర పట్టక తప్పదు. త్వరగా పచ్చదనం వస్తుందని నాటిన కోనోకార్పస్ వేర్లు నీటి గొట్టాలలోనికి చొరబడతాయి. పుప్పొడి వల్ల అలర్జీలు వస్తాయన్న ఆందోళన కూడా ఉంది. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఈ మొక్క పెంపకాన్ని నిషేధించింది.

పూల మొక్కలలో నందివర్ధనాన్ని మించినది లేదని మా అభిప్రాయం. అరనీడలోనూ పూస్తుంది, పురుగు తక్కువ, కత్తిరించకపోయినా గుబురుగానే ఉంటుంది. పారిజాతం కూడా నమ్మదగినదే. వేసవిలో ఆకు రాల్చి మోడులా నిలబడితే చచ్చిపోయిందని పీకివేసేవారు ఉన్నారు. తొలకరి వరకు ఆగితే అదే చిగురిస్తుంది. కాగితం పూల మొక్కకు నీరు తగ్గించిన కొద్దీ పూత పెరుగుతుంది. దేవగన్నేరు నీరు నిలవని ఏ నేలలోనైనా బతుకుతుంది. గన్నేరు కూడా మొండిదే గానీ అన్ని భాగాలూ విషపూరితం గనుక చిన్నపిల్లలు, పశువులు ఉన్న ఇంట తగదు.

నూరు వరహాల విషయంలో జాగ్రత్త అవసరం. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో, అటువంటి బోరు నీటితో పెంచినప్పుడు ఇనుపధాతు లోపించి లేత ఆకులు పాలిపోతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే కోలుకుంటుంది, కానీ నేల, నీరు మారనంత కాలం ఆ పిచికారీ తప్పదు. మందారకు పిండినల్లి, గులాబీకి కత్తిరింపులు, మందులు. ఇష్టమైతే ఒకటి రెండు పెంచుకోవచ్చు, పెరడంతా వాటితో నింపరాదు.

పండ్ల మొక్కలలో ఎర్రనేలలకు సీతాఫలం ఎంతో అనుకూలం. తెలంగాణ గుట్టలపై ఎవరూ నీరు పోయకుండానే పెరిగే చెట్టు ఇది. మహబూబ్‌నగర్ ప్రాంతానికి చెందిన బాలానగర్ రకం పేరు పొందినది. నిమ్మ కావాలనుకునేవారు గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ రకాన్ని అడగాలి. దానిమ్మను అందరూ అడుగుతారు. కాయతొలుచు పురుగు, బాక్టీరియా మచ్చతెగులు కారణంగా పెరటిలో కాయ చేతికి అందడం అరుదు. అంటుమొక్క కొన్నప్పుడు అంటుకట్టు మట్టికి పైన ఉన్నదీ లేనిదీ చూసి, దాని కింద నుండి వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తుంచివేయాలి.

పచ్చిక గురించి ఒక్క లెక్క చాలు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకున్నా, 50 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 250 లీటర్లు కావాలి. అదే చోట ఎండుటాకులు పరచి నాలుగు పొదలు పెంచితే అందులో కొద్దిపాటి నీరే సరిపోతుంది.

నాటిన తరువాత మొదటి సంవత్సరం

తొలకరి వర్షాలకు నేల బాగా తడిసిన తరువాత నాటడం శ్రేష్ఠం. ఈశాన్య రుతుపవనాలపై ఆధారపడే నెల్లూరు వంటి ప్రాంతాలలో అక్టోబరు వరకు ఆగవచ్చు. సంచి తొలగించే ముందు గడ్డను బకెట్ నీటిలో బుడగలు ఆగేవరకు ముంచాలి. తరువాత గడ్డ చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర మట్టిని వేళ్ళతో వదులు చేసి, చుట్టుకున్న వేర్లను కత్తిరించి, గుంత నుండి తీసిన మట్టితోనే నింపాలి. గుంతను మొత్తం పశువుల ఎరువుతో నింపితే వేర్లు అందులోనే తిరుగుతూ ఉండిపోతాయి.

మొదటి మూడు నెలలు నీటిని కాండానికి దగ్గరగా, గడ్డపై పడేటట్లు నెమ్మదిగా పోయాలి. ఆ తరువాత పాదును వెడల్పు చేస్తూ, నీరు పెట్టే రోజుల మధ్య వ్యవధి పెంచుతూ పోతే వేర్లు లోతుకు, దూరానికి సాగుతాయి. కొబ్బరి పీచు గానీ ఎండుటాకులు గానీ 5 నుండి 8 సెంటీమీటర్ల మందంగా పరచి, కాండం చుట్టూ జానెడు చోటు ఖాళీగా ఉంచాలి. మొదటి వేసవిలో నీరు మానరాదు. రెండవ వేసవిలో మధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రానికి తనంతట తాను నిలబడితే ఆ రోజు నీరు పోయవలసిన అవసరం లేదు.