పరీక్ష ఎవరిని కొలుస్తోంది?

"మాల మాదిగ పిల్లలకు చదువబ్బదు." తరతరాలుగా మనం విన్న మాట ఇది. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం ముందు నిలబడితే, ఆ మాటకు దొరికిన జవాబు గుర్తొస్తుంది. భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు పెట్టారు. తర్వాతి ఏళ్ళలో అవి 20 దాటాయి. చదువు చెబితే చదువబ్బుతుందని తేలిపోయింది.

ఇవాళ ఆ మాట పైకి ఎవరూ అనరు. "స్లో లర్నర్" అంటారు, మార్కులు చూపిస్తారు. అందుకే పరీక్షల సంగతి మనం తెలుసుకోవాలి.

బుద్ధి పరీక్షను 1905లో పారిస్‌లో బినే, సిమోన్ తయారుచేశారు. వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి సాయం చేయడం దాని ఉద్దేశం. అది అమెరికా చేరాక పిల్లలకు ముద్ర వేసే పనిముట్టయింది. నల్లజాతి పిల్లల్ని మందబుద్ధుల తరగతుల్లో వేయడానికి ఈ పరీక్షల్ని వాడటం చెల్లదని 1979లో కాలిఫోర్నియాలో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గర కులం పరీక్ష గదిలోకి కూడా వస్తుంది. హాఫ్, పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు దారి వెతికే చిక్కుబొమ్మలిచ్చారు. కులం బయటపెట్టనప్పుడు దళిత పిల్లలు అగ్రకులాల పిల్లలతో సమానంగా చేశారు. అందరి ముందు కులం చదివి వినిపించాక వెనకబడ్డారు. పిల్లలు మారలేదు, బొమ్మలు మారలేదు. అలాంటప్పుడు ఆ తేడా బుద్ధిలో ఉందని ఎట్లా అంటాం?

ఇంకో సంగతి. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలపై చేసిన అధ్యయనం 2025లో 'నేచర్'లో వచ్చింది. బేరంలో చిక్కు లెక్కలు నోటితోనే చేసే పిల్లలు, బడి లెక్క కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడిలో మాత్రమే చదివే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఒక్క కాగితం పరీక్ష చూసి ఈ రెండో రకం పిల్లలే తెలివైనవాళ్ళని తేల్చేస్తున్నాం.

కాబట్టి పరీక్షతో పాటు పరిశీలన కావాలి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా నిరంతర, సమగ్ర మూల్యాంకనమే కోరుతోంది. పరిశీలన అంటే పిల్ల పక్కన కూర్చుని చూడటం. తప్పు ఎక్కడ చేసింది? లెక్కలోనా, ప్రశ్న చదవడంలోనా? "వేరుశనగ" అంటే నోరు మెదపని పిల్ల "పల్లీలు" అంటే చెబుతుందా? ఎవరి ముందు బెదురుతోంది? ఒకసారి చూపిస్తే రెండోసారి ఎంత నేర్చింది? ఇవన్నీ తేదీలతో రాసుకోవాలి. చూపు, వినికిడి కూడా చూపించాలి.

అయితే పరిశీలించే కళ్ళకూ కులం ఉంటుంది. అందుకే ఒక్క టీచరు మాట చాలదు. ఆ రాత తల్లిదండ్రులకు చదివి వినిపించాలి, ఇంటి దగ్గర పిల్ల ఏం చేస్తుందో వాళ్ళనడగాలి.

పరీక్షలు వద్దని మేము అనడం లేదు. నిజంగా నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు మన వాడల్లోనూ ఉన్నారు, వాళ్ళకు సాయం అందాలి. పరీక్ష తర్వాత పిల్లకు సాయం వచ్చిందా, పేరొచ్చిందా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.