పరీక్ష ఫీజు పండగ దాకా ఆగదు

ఇబ్రహీంపట్నంలో కాలేజీలకు కొదవ లేదు. సాగర్ రోడ్డు మీద మంగల్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ ఎటు చూసినా బోర్డులే. యాచారం, మంచాల పల్లెల నుంచి వచ్చే పిల్లలకు సీటు దొరుకుతుంది. చేరిన చోట నాలుగేళ్లూ నెట్టుకొచ్చి పట్టా చేతబట్టుకోవడమే గగనం.

బీసీ విద్యార్థికి ఎప్‌సెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే ఇంజినీరింగ్ ఫీజు మొత్తం సర్కారే కడుతుంది. దాటితే 35 వేలే. ఆపైన ఫీజు ఎంతున్నా ఇంటివాళ్ల నెత్తినే. బస్సు ఫీజు, పరీక్ష ఫీజు వేరే. ఆ 35 వేలైనా వేళకు రావు. బకాయిలు ఇవ్వాలంటూ 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు మూతపడ్డాయి. సర్కారు సొమ్ము పడలేదని సర్టిఫికెట్లు ఆపేస్తే, ఒక పూట కూలి పోగొట్టుకుని ఆఫీసు వరండాలో కూర్చునేది ఆ విద్యార్థి తండ్రి. అతను చేసిన తప్పేమిటి?

దేవుడి పేరున ఇచ్చే డబ్బు అక్కరకు రావాల్సింది సరిగ్గా ఇక్కడే.

దానధర్మాలతో చదివించే ఆనవాయితీ మన దగ్గర పాతదే. ఒకప్పుడు పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకున్నారు. రోజుకో ఇంట అన్నం. ఎందరినో పైకి తెచ్చిన ఆ అన్నం కులం గడప మాత్రం దాటలేదు. ఆ గడప అవతలున్న పిల్లల్లో చాలామందికి బడి తలుపు తెరిచింది మిషనరీలు. తిరుమల దేవస్థానం 1945లో తిరుపతిలో కాలేజీ పెట్టింది. పుట్టపర్తి విశ్వవిద్యాలయం 1981లో మొదలైన నాటి నుంచి ఫీజు తీసుకోదు.

మనకు దగ్గర్లో చెప్పుకోదగ్గది హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్. గియాసుద్దీన్ బాబూఖాన్ 1992లో స్థాపించారు. ఏడాది గడిచిన మిగులు సంపదలో నూటికి రెండున్నర పేదలకివ్వడం ముస్లింలకు విధి. ఇంటింటా విడివిడిగా చేతుల్లో పెట్టే ఆ జకాత్‌ను ఒకచోట చేర్చి చదువులకు మళ్లించారు. నా దృష్టిలో ఆయన చేసిన అసలు మేలు ఇదే. తలా వంద పంచితే ఆ పూటకు సరి. అదే పోగుచేస్తే ఒక అమ్మాయి ఇంటర్‌తో ఆగిపోకుండా డిగ్రీ దాటుతుంది.

చిక్కల్లా వేళతోనే. జకాత్ ఎక్కువగా రంజాన్‌లో వస్తుంది. ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సెమిస్టర్ ఫీజు గడువుకు దానితో పనిలేదు. గుళ్లో విరాళాలు జాతరకు, చర్చిలో కానుకలు క్రిస్మస్‌కు పోటెత్తుతాయి. గడువు నాటికి వెయ్యి, రెండు వేలు పుట్టక హాల్ టికెట్ అందని పిల్లాడికి పండగ నాటి శాలువా ఎందుకు? చెక్కుతో ఫొటో దిగమనడం మరీ తప్పు. గుప్తదానాన్ని మూడు మతాలూ మెచ్చుకున్నాయి కదా!

ఇబ్రహీంపట్నంలోని గుడి, మసీదు, చర్చి కమిటీలు తలా కొంత తీసి ఏడాది పొడుగునా అందుబాటులో ఉండే నిధి ఒకటి పెట్టుకోవచ్చు. గడువుకు వారం ముందు ఫీజు కట్టనివాళ్ల జాబితా కాలేజీ ఆఫీసులోనే దొరుకుతుంది. మతం, కులం అడగకుండా, పేరు బయటపెట్టకుండా డబ్బు నేరుగా కాలేజీకి కట్టి రసీదు ఆ పిల్లలకు పంపితే చాలు.