ఆగకుండ ఎంత దూరము ఎగురగలము?

పొన్నూరు మొదలు ఒంగోలు వరకు గల పల్లెలలో అమెరికాలో బిడ్డ లేని వీధి అరుదు. మనుమనినో మనుమరాలినో చూడబోవు తల్లిదండ్రులు పెట్టెలు సర్దుకొనునప్పుడు మేము తరచుగా వినుచున్న ప్రశ్న యొకటి కలదు: “మధ్యలో దిగి మారనక్కరలేని విమానము లేదా అండీ?” కారపుపొడి, గోంగూర పచ్చడి తూకము వేసి కట్టుకొనుట వారికి కష్టము కాదు. పరదేశపు విమానాశ్రయములో అర్ధరాత్రివేళ, భాష రాక, మరొక విమానపు ద్వారమును వెదకికొనుటయే వారి భయము.

అట్టి విమానము ఒకప్పుడు ఉండెను. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ హైదరాబాదు నుండి షికాగోకు ఎచ్చటను ఆగని సర్వీసును ప్రారంభించినది. బోయింగ్ 777-200 ఎల్.ఆర్. అను విమానము దానికై నియోగింపబడినది. ఆ సర్వీసు ఎక్కువకాలము సాగలేదు.

గోడమీది పటము చూచినవారు ఈ దారి అరేబియా, అట్లాంటిక్ సముద్రముల మీదుగా పడమరకు పోవుననుకొందురు. కాని గోళముపై ఈ రెండు ఊళ్లను దారముతో బిగించి చూడుడు. దారము తిన్నగా ఉత్తరమునకు సాగి, మధ్య ఆసియాను రష్యాను దాటి, ఉత్తర ధ్రువమునకు సమీపమున 79వ అక్షాంశము వరకు పోయి, కెనడా మీదుగా దిగును. అదియే దగ్గరి దారి. అయినను 13,300 కిలోమీటర్లున్నది.

అంత దూరము పోవుటలోని చిక్కు మన పెద్దలకు తెలియనిది కాదు. కోటప్పకొండ తిరునాళ్లకు బండి కట్టువారు ఎడ్లకు మేత బండిలోనే వేసికొనెడివారు. ఒక రాత్రికి ఒక మోపు చాలును. అదే బండి దారిలో గడ్డిపరక దొరకని కాశీయాత్రకు బయలుదేరినదనుకొందము. బండి నిండ మేతయే యగును. మేత బరువు లాగుటకు ఎడ్లు మరింత మేయును. కడకు మనుష్యులు కూర్చుండుటకు చోటుండదు.

విమానము సంగతియు ఇంతే. పైన చెప్పిన బోయింగు ఉత్త విమానముగా సుమారు 145 టన్నులు తూగును. నేల విడుచునప్పటి మొత్తము బరువు 347 టన్నులు మించరాదు. దాని ట్యాంకులలో పట్టు 1,81,000 లీటర్ల ఇంధనము కూడ ఇంచుమించు 145 టన్నులే! గుంటూరు యార్డు భాషలో చెప్పవలెనన్న, 40 కిలోల మిర్చి టిక్కీలు మూడువేల ఆరువందల పైచిలుకు. ఇక ప్రయాణికులకు, సామానునకు మిగులునది 57 టన్నులు. అధికముగా మోసిన ప్రతి బరువునకు గంటకు అందులో నూటికి మూడు నాలుగు వంతుల ఇంధనము ఖర్చగునని వైమానికుల లెక్క. పదునారు గంటల ప్రయాణమునకు పది టన్నులు అదనముగా నింపినచో, అందులో సుమారు నాలుగు టన్నులు తన్ను తాను మోసికొనుటకే కాలిపోవును. అంతేకాక, దిగవలసినచోట పొగమంచు పట్టినచో వేరొకచోటికి పోవుటకును, ఆపై అరగంట ఆకాశమున తిరుగుటకును చాలినంత ఇంధనమును మిగిల్చియే తీరవలెను.

ఎండ మరొక శత్రువు. రెంటచింతల ఎండ నెరిగిన మనకు వేడిగాలి ఎంత పలుచనిదో చెప్పనక్కరలేదు. పలుచని గాలిలో రెక్కకు పట్టు చాలదు, ఇంజనుకు బలము చాలదు. షంషాబాదు సముద్రమట్టమునకు 617 మీటర్ల ఎత్తుననుండుటచే అచ్చటి గాలి ముందే కొంత పలుచన. కనుక బరువు తగ్గింపవలసివచ్చును. ముందు సరకు దింపుదురు. అదియు చాలనిచో సీట్లు ఖాళీగా పోవును. ఖాళీ సీటు కూలి ఎవరిచ్చెదరు? తక్కిన ప్రయాణికులే కదా!

గాలివాటము మాత్రము కొన్ని వేళల మేలు చేయును. ఉన్నతాకాశమున పడమటి నుండి తూర్పునకు వేగముగా వీచు గాలులు కలవు. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానమును అట్లాంటిక్ వైపు మాని పసిఫిక్ మీదుగా నడిపినది. దూరము పెరిగి 15,000 కిలోమీటర్లు దాటినను, సుమారు పదునాలుగున్నర గంటలలో చేరినది. చుట్టుదారియే దగ్గరైనది! దారులు మూసినప్పుడు ఫలము వేరు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన ఆకాశమును భారతీయ విమానములకు మూసివేయగా, ఢిల్లీ నుండి అమెరికాకు పోవు కొన్ని విమానములు వియన్నాలో దిగి ఇంధనము నింపుకొనవలసివచ్చినది.

విమానమునకు శక్తి లేదనుట సరికాదు. ఇదే జాతి బోయింగు 2005 నవంబరులో హాంకాంగు నుండి తూర్పుదిశగా లండనుకు 21,602 కిలోమీటర్లు ఆగక ఎగిరినది. కాని అది ప్రదర్శనార్థము. టిక్కెట్టు కొన్నవారితో నిండిన ప్రయాణము కాదు. సింగపూరు నుండి న్యూయార్కు ప్రాంతమునకు పోవు తొలి సర్వీసు ఇంధనవ్యయము భరింపలేక 2013లో నిలిచి, 2018లో ఎయిర్‌బస్ ఎ350 వచ్చిన పిదపనే పునరుద్ధరింపబడినది. ఆ విమానమున కూర్చుండువారు 161 మందియే. చవక తరగతి లేనేలేదు. మిర్చి అమ్మిన డబ్బుతో టిక్కెట్టు కొను రైతుకు ఇది ఎంత దూరమో వేరుగ లెక్కింపవలెనా?

కావున మన పెద్దలు ఇప్పటికి ఒకచోట దిగి మారవలసినదే. మేము వారికి చెప్పుచున్న దొకటే. టిక్కెట్టు కొనునప్పుడే చక్రముల కుర్చీ సహాయము కావలెనని వ్రాయింపుడు. సిబ్బంది మిమ్ములను ఒక విమానము వద్దనుండి రెండవదాని ద్వారము వరకు తామే చేర్తురు.