క్యాలెండరులో నమాజుకూ, ఇంటికీ చోటు

విశాఖ రేవులో ఒక బెర్తు నిండి ఉంటే, అక్కడికి రావలసిన మరో ఓడ సముద్రంలో లంగరు వేసుకొని వేచి ఉండవలసిందే. మనిషి సమయం కూడా అటువంటిదే. ఒకే గడియను ఇద్దరికి ఇచ్చినవాడు ఒకరికి మాట తప్పక మానడు. చేసిన వాగ్దానం గురించి ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ (17:34) మనల్ని హెచ్చరించింది. కనుక సమయాన్ని పంచిపెట్టే పని విశ్వాసికి ఒక అమానతు.

నేడు ఈ పంపకాన్ని చాలావరకు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. గూగుల్ క్యాలెండర్ 2006లోను, కాలెండ్లీ 2013లోను వచ్చాయి. వీటి పనితీరు సులభమే. మనం పని వేళలను ముందుగా నిర్ణయిస్తాము. ఎవరైనా సమయం కోరినప్పుడు, ఆ వేళల్లో ఏమీ రాసి లేని గడిని సాఫ్ట్‌వేర్ వారికి చూపుతుంది. అది రాసినదాన్ని మాత్రమే ఎరుగును. రాయని ప్రతి గడియా దాని దృష్టిలో ఖాళీయే. చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

మన నగరంలోని ఒక సాధారణ కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. బ్లాస్ట్ ఫర్నేస్ రాత్రింబవళ్ళు మండుతూ ఉండాలి కనుక ఆయన షిఫ్టు మారుతూ ఉంటుంది. చిన్న కొడుకు మధురవాడలో కంప్యూటరు ఉద్యోగి. పెద్ద కొడుకు సౌదీలో ఉన్నాడు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. కుమార్తె నికాహ్ మాటలకు వీరందరూ ఒక్క గంట కలవాలన్నా కష్టమే.

మొదటి చిక్కు నమాజు వేళలది. జుమా ఖుత్బా సమయం మస్జిదులో సాధారణంగా స్థిరంగా ఉంటుంది. కాబట్టి దాన్ని 'ప్రతి వారం' అని ఒక్కసారి నమోదు చేస్తే చాలు. మగ్రిబ్ అలా కాదు. విశాఖలో డిసెంబరు ఆరంభాన సూర్యాస్తమయం సాయంత్రం 5:20 ప్రాంతాన, జూలై ఆరంభాన 6:35 దాటాక అవుతుంది. తేడా సుమారు గంటంపావు. ఏడాది పొడవునా ఒకే సమయం రాసిపెడితే అది ఉపయోగపడదు. కనీసం రెండు నెలలకొకసారి సవరించుకోవాలి.

న్యూయార్కు వారితో పనిచేసే యువకులు మరొకటి గమనించాలి. అక్కడ మార్చిలో గడియారాన్ని గంట ముందుకు, నవంబరులో గంట వెనుకకు జరుపుతారు. వారి ఉదయం 9 గంటల సమావేశం చలికాలంలో మనకు రాత్రి 7:30కు, వేసవిలో సాయంత్రం 6:30కు వస్తుంది. అంటే జూన్, జూలై నెలల్లో సరిగ్గా మగ్రిబ్‌కు అడ్డు తగులుతుంది. ఆ గడియను ముందే 'బిజీ' అని గుర్తిస్తే, తరువాత సంజాయిషీ చెప్పుకునే అవసరం రాదు.

రెండవ చిక్కు చాంద్రమానానిది. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులే. మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. 'ప్రతి ఏటా' అని నమోదు చేస్తే మరుసటి సంవత్సరమే తప్పుతుంది. నెలవంక కనబడేవరకు రెండు రోజులనూ కేటాయించి ఉంచడమే వివేకం.

మూడవది, షిఫ్టు ఉద్యోగి నిద్ర. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారి పగలు క్యాలెండరులో ఖాళీగా కనిపిస్తుంది. నిజానికి అది వారి రాత్రి. షిఫ్టు పట్టిక చేతికి రాగానే డ్యూటీతో పాటు నిద్రనూ, ప్రయాణాన్నీ నమోదు చేయాలి. ఆఫీసు క్యాలెండరు, ఇంటి క్యాలెండరు వేరువేరుగా ఉంటే, సమయం వెదికేటప్పుడు రెండింటినీ చూడమని సాఫ్ట్‌వేరుకు తెలపాలి. లేనిచో ఒకదానిలోని పని రెండవదానికి తెలియదు.

ఇంటి విషయాలు పరులకు తెలుస్తాయేమోనని కొందరు సందేహిస్తారు. కారణం చూపకుండా 'బిజీ' అని మాత్రమే చూపే ఏర్పాటు వీటిలో ఉంది. అనుమతి లేకుండా ఇతరుల ఇళ్ళలో ప్రవేశించరాదనీ, తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోవాలనీ సూరె నూర్ (24:27, 28) మనకు నేర్పింది. రోజులో మూడు ఏకాంత వేళలను కూడా అదే సూరె (24:58) పేర్కొన్నది. ఎదుటివారి 'బిజీ'ని చూసి కారణం అడగకుండా వేరొక గడియ కోరడం కూడా ఆ మర్యాదలోని భాగమే.

చివరిగా, ఇంట్లో ఏ క్యాలెండరూ లేనివారు ఒకరున్నారు: తల్లి. ఆమె గడియలు ఎక్కడా రాసి ఉండవు గనుక అందరూ ఆమెను ఖాళీగానే ఎంచుతారు. ఎవరి సమావేశం జరిగినా టీ ఆమెదే, ఎవరి షిఫ్టు మారినా అన్నం వేళ మార్చుకునేదీ ఆమే. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మన కుటుంబాల్లో వారానికొకసారి, ఇషా తరువాత పది నిమిషాలు అందరూ కూర్చొని రాబోయే వారాన్ని రాసుకుందాం. ఆమె విశ్రాంతినీ, ఆమె ఖుర్ఆన్ పారాయణ సమయాన్నీ మొదట రాసి, ఆ తరువాతే మన పనులకు చోటు వెదుకుదాం.