హ్యామ్‌లు లో బ్యాండ్స్‌ని ఎందుకు వదిలేస్తున్నారు?

ఈరోజు హ్యామ్ రేడియోలో ఒక వింత సమస్య గురించి మాట్లాడుకుందాం. లైసెన్సు ఉంది, సెట్టు ఉంది, డాబా మీద వైరు కూడా ఉంది. అయినా సిటీల్లో ఉండే చాలామంది హ్యామ్‌లు 80 మీటర్లు, 40 మీటర్ల బ్యాండ్ల వైపు వెళ్లడం మానేస్తున్నారు. 80 మీటర్లంటే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర, 40 అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర. వీటినే లో బ్యాండ్స్ అంటారు.

ఎందుకు మానేస్తున్నారంటే, మాట్లాడలేక కాదు. వినలేక.

మీ ఫోన్ ఛార్జర్, ఎల్ఈడీ బల్బు, టీవీ, వైఫై రూటర్ అడాప్టర్, వీటన్నిట్లో ఉండేది ఎస్ఎంపీఎస్. అది కరెంటుని సెకనుకి వేల, లక్షల సార్లు ఆన్-ఆఫ్ చేస్తూ వోల్టేజీ తగ్గిస్తుంది. ఉదాహరణకి ఒక అడాప్టర్ 100 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతోంది అనుకోండి. దాని హార్మోనిక్స్ 200, 300, 400... ఇలా పైకి పోతూనే ఉంటాయి. 35వది సరిగ్గా 3.5 మెగాహెర్ట్జ్ మీద పడుతుంది, 70వది 7 మీద. పైకి పోయేకొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి దెబ్బంతా కింది బ్యాండ్లకే. పైగా గోడల్లోని వైరింగే దానికి యాంటెన్నా. మంచి అడాప్టర్లలో ఈ చెత్తని ఆపే ఫిల్టర్ ఉంటుంది. చవకరకంలో ఖర్చు తగ్గించడానికి మొదట తీసేసేది అదే.

ఇప్పుడు లెక్క చూడండి. రేడియో మీద ఎస్-మీటర్ ఉంటుంది, ఒక్కో గీత 6 డెసిబెల్స్. పల్లెలో ఎస్3 ఉండే నాయిస్ అపార్ట్‌మెంట్‌లో ఎస్8 అయిందంటే 30 డెసిబెల్స్ తేడా, అంటే వెయ్యి రెట్లు. దాన్ని దాటి నాకు వినిపించాలంటే, అవతలి మనిషి 100 వాట్ల బదులు లక్ష వాట్లు పెట్టాలి. అది ఆకాశవాణి మీడియం వేవ్ స్టేషన్ స్థాయి! నేను పవర్ పెంచుకుంటే ఏ లాభమూ లేదు, నా మాట అవతలికి ముందే బాగా చేరుతోంది. ఇలాంటి స్టేషన్ని హ్యామ్‌లు సరదాగా ఎలిగేటర్ అంటారు. నోరు పెద్దది, చెవులు చిన్నవి అన్నమాట.

స్థలం ఇంకో తలనొప్పి. 80 మీటర్లకి మామూలు డైపోల్ కట్టాలంటే దాదాపు 40 మీటర్ల వైరు కావాలి. అపార్ట్‌మెంట్‌లో దాన్ని వంచి, మడిచి, ఎక్కడో పారాపెట్ గోడకి కడతాం. అంటే సరిగ్గా నాయిస్ పుట్టే చోటే.

కొందరు ఎఫ్‌టీ8కి మారారు. నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన డిజిటల్ మోడ్ అది. మన చెవికి అందనంత బలహీనమైన సిగ్నల్‌ని కూడా కంప్యూటర్ చదివేస్తుంది. నేనూ సాఫ్ట్‌వేర్ వాడినే, నాకది ముచ్చటే. కానీ అందులో కబుర్లుండవు. కాల్‌సైన్, సిగ్నల్ రిపోర్టు, బై. అంతే.

పోతే పోనీ, 14 మెగాహెర్ట్జ్ ఉందిగా అంటారా? దాంట్లో హైదరాబాద్‌కి యూరప్ వినిపిస్తుంది, చాలాసార్లు విజయవాడ వినిపించదు. సిగ్నల్ నెత్తిమీదుగా దాటిపోతుంది. చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్ సెట్టేమో ఊరు దాటదు. పగలు 40, రాత్రి 80 మాత్రమే దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి, అయనోస్ఫియర్ నుంచి మళ్లీ మన జిల్లాల మీదే దిగుతాయి. 2014లో హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు కరెంటూ సెల్ టవర్లూ పోయాయి గుర్తుందా? అలాంటి రోజు కావాల్సిన దూరం ఇదే. తమాషా ఏంటంటే, ఊరంతా కరెంటు పోతే ఈ నాయిస్ కూడా చాలావరకు పోతుంది. జనరేటర్లు, ఇన్వర్టర్లు చేసే గోల మిగిలినా, బ్యాండ్ నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ అప్పటికి పైన యాంటెన్నా ఉండాలి కదా! తుఫాను గాలిలో ఎవరు కడతారు?

మీరు హ్యామ్ అయితే ఈ ఆదివారం ఒక పని చేయండి. సెట్టుని 12 వోల్టుల బ్యాటరీకి కలిపి, ఇంటి మెయిన్ ఆపేసి వినండి. నాయిస్ తగ్గిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ పోండి. మా ఇంట్లో దొరికింది రూటర్ అడాప్టర్. దాని వైరుని ఫెరైట్ రింగు చుట్టూ ఏడెనిమిది చుట్లు చుట్టాను, ఎస్8 కాస్తా ఎస్5కి దిగింది. లో బ్యాండ్స్‌కైతే 31 మిక్స్ రింగు అడిగి కొనండి.

తగ్గలేదా? అయితే పక్కింటిది. బెల్లు కొట్టే ముందు ఒక మంచి అడాప్టర్ చేత్తో పట్టుకెళ్లండి, మాట ఈజీ అవుతుంది.