పరదేశ ప్రవేశం - పాస్‌పోర్టు, వీసా

గడచిన విద్యా సంవత్సరంలో ఒకనాడు తరగతి ముగిసిన పిమ్మట విద్యార్థి ఒకడు మా వద్దకు వచ్చి, "మాస్టారూ, మా అన్నయ్యకి పాస్‌పోర్టు వచ్చేసిందండీ. ఇంక కువైట్ ఎళ్ళిపోవడమే" అని ఎంతో సంబరంగా చెప్పాడు. వీసా సంగతి ఏమయినదని అడిగాము. "అది కూడా ఏజెంటు ఇచ్చేశాడండీ. రెండూ ఒకటే కదా మాస్టారూ?" అని తిరిగి మమ్మల్నే ప్రశ్నించాడు. రెండూ ఒకటి కావని ఆ పిల్లవానికి నచ్చజెప్పడానికి మాకు అరగంట పట్టింది. ఆ అరగంటలో చెప్పినదీ, చెప్పడానికి సమయం చాలనిదీ కలిపి ఈ వ్యాసంగా వ్రాస్తున్నాము.

పాస్‌పోర్టు అనునది మన ప్రభుత్వం మనలను గురించి పరాయి ప్రభుత్వాలకు ఇచ్చే సాక్ష్యపత్రం. ఈ పత్రం గల వ్యక్తిని ఆటంకం లేకుండా పోనివ్వవలసినదనీ, అవసరమైన సహాయం చేయవలసినదనీ మన రాష్ట్రపతి పేర చేసిన విజ్ఞప్తి దానిలో ముద్రించి ఉంటుంది. విజ్ఞప్తికి అవతలివారు ఇచ్చే జవాబు వీసా. మన పెద్దలు వ్రాసి ఇచ్చిన పరిచయ లేఖ ఒకటి. అవతలి ఇంటివారు "రండి" అని పంపిన కబురు మరొకటి. ఆ కబురులో కూడా ఎందుకు రావాలో, ఎన్నాళ్ళుండాలో వారే నిర్ణయిస్తారు. ఇంతకూ కబురు అందినంత మాత్రాన లోపలికి పోయినట్లు కాదు. విమానాశ్రయంలోనో, రేవులోనో ఉన్న అధికారి కాగితాలు చూసి, నాలుగు ప్రశ్నలు వేసి, ముద్ర వేసినప్పుడే ప్రవేశం. వీసా చేతిలో ఉండి కూడా గుమ్మంలో నుండి వెనుకకు తిరిగి వచ్చినవారు కలరు.

ఇక్కడ ఒక మాట. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఇది చెప్పుకోదగినది. మనం నిత్యం వాడే "రహదారి" పారసీకం నుండి వచ్చినది. "రాహ్" అనగా బాట, "దార్" అనగా కలవాడు, కాచేవాడు. బాట కాచేవాడు వసూలు చేసే సుంకమూ, సుంకం చెల్లించినవారికి ఇచ్చే అనుమతి చీటీ కూడా పూర్వం రాహదారీయే. కాలక్రమాన తెలుగువాడు చీటీని మరచిపోయి బాటను మాత్రం ఉంచుకున్నాడు. చీటీ మరొక పేరుతో, మరొక రూపంలో తిరిగి వచ్చింది.

తిరిగి వచ్చినది కూడా చాలా కాలం క్రిందట కాదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమయ్యే వరకు ఐరోపాలోని పెక్కు దేశాల మధ్య సామాన్య ప్రయాణికుడు పాస్‌పోర్టు లేకుండానే తిరిగేవాడు. యుద్ధకాలంలో గూఢచారుల భయంతో పెట్టిన నిర్బంధం యుద్ధం ముగిసినా పోలేదు. 1920లో నానాజాతి సమితి ఆధ్వర్యాన పారిస్‌లో జరిగిన సమావేశం పాస్‌పోర్టు పుస్తకానికి ఒక సమాన రూపాన్ని సూచించింది. అదే 1920లో మన దేశంలో పాస్‌పోర్టు లేనిదే విదేశీయుడు భారతదేశంలో ప్రవేశించరాదనే చట్టం వచ్చింది.

అయితే ఈ చట్టాల వేడి మన ఉత్తరాంధ్ర ప్రాంతానికి తగిలినది బర్మా వలన. మన పల్లెలలో ముసలివారు రంగూన్ అనరు, "రంగం" అంటారు. "రంగం వెళ్ళాడు" అంటే బ్రతుకు తెరువు వెదుక్కుంటూ సముద్రం దాటాడని అర్థం. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుండి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు జనాన్ని ఎక్కించుకుని పోయేవి. వారు అక్కడి బియ్యపు మిల్లులలో, రేవులో బస్తాల మోతలో, రైలు మార్గాలపై, పట్టణ పారిశుధ్యంలో పనిచేశారు. ఏటా పంట కాలానికి పోయి, నాలుగు డబ్బులు కూడబెట్టి తిరిగి వచ్చేవారు కొందరు. అక్కడే స్థిరపడినవారు మరికొందరు. బర్మీయులు మనవారిని "కొరంగీలు" అని పిలిచేవారు. నేటి కాకినాడ జిల్లా తీరంలోని కోరంగి రేవు పేరు అలా ఒక జాతి జనానికి అంటుకుంది.

ఆ ప్రయాణానికి పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. ఓడ టిక్కెట్టు ఉంటే చాలును. కారణం సులభమే. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. బొబ్బిలి నుండి బెజవాడ పోయినవాడికీ, రంగం పోయినవాడికీ చట్టం దృష్టిలో తేడా లేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుండి వేరుచేశారు. రాకపోకలు వెంటనే ఆగిపోలేదు గాని, అవి ఎంత కాలం సాగాలనే చర్చ మొదలైంది. అంతకు ముందే 1930 మే నెలలో రంగూన్ రేవులో పని విషయమై తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య రక్తపాతం జరిగి ఉన్నది. తమ దేశంలో తమకు పని దొరకడం లేదనే బర్మీయుల ఆవేదన నిరాధారమని మేము అనజాలము. జీతం తక్కువైనా ఒప్పుకునే కూలీలను ఓడల నిండా దింపుకుని లాభపడినది మిల్లు యజమానులు. దెబ్బలు తిన్నది మాత్రం ఇరువైపులా పేదలే.

1941లో ఇండియా, బర్మా ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం భారతీయుడు బర్మాలో అడుగు పెట్టాలంటే వీసాతో కూడిన పాస్‌పోర్టు గాని, ప్రత్యేకమైన ప్రవేశ అనుమతి పత్రం గాని ఉండవలెను. నిన్నటి వరకు టిక్కెట్టు మాత్రమే అడిగిన రేవు నేడు "నీవెవరు? ఎందుకు వచ్చావు? ఎన్నాళ్ళుంటావు?" అని అడగసాగింది. మన దేశంలో ఈ ఒప్పందంపై తీవ్రమైన నిరసన చెలరేగింది; గాంధీజీ కూడా దానిని విమర్శించారు. కాని ఒప్పందం నిలదొక్కుకోక ముందే యుద్ధం వచ్చి పడింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. లక్షలాది భారతీయులు అరకాన్ దారినీ, మణిపురం కొండల దారినీ కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. దారిలో రాలిపోయినవారి లెక్క ఎవరి వద్దా సరిగా లేదు.

యుద్ధం ముగిసిన తరువాతి కథ మన విషయానికి మరీ ముఖ్యం. నడిచి వచ్చినవారిలో చాలామంది తిరిగి రంగం పోవాలనుకున్నారు. ఇళ్ళు అక్కడ, పనులు అక్కడ, కొందరి పిల్లలు పుట్టినది కూడా అక్కడే. 1947లో బర్మా ప్రభుత్వం చేసిన వలస చట్టం వారిని కూడా అనుమతి అడగమన్నది. ఇరవై ఏండ్లు కాపురమున్న ఇంటికి పోవడానికి సందర్శకుని వలె అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యాక పౌరసత్వ చట్టం వచ్చింది. దాని క్రింద దరఖాస్తు చేసుకోనివారు, చేసుకోవాలని తెలియనివారు, చదువురానివారు ఉన్నచోటనే విదేశీయులైపోయారు. 1962లో సైనిక ప్రభుత్వం ఏర్పడి, 1964 నాటికి దుకాణాలు కూడా జాతీయం చేసినప్పుడు, లక్షకు పైగా భారతీయులు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు నేటికీ ఆ సంగతిని జ్ఞాపకం చేస్తూనే ఉన్నది.

మా చిన్నతనంలో అట్లా తిరిగి వచ్చిన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉండేవారు. పాత ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టి ఒక కాగితం దాచుకునేవారు. బర్మాలో విదేశీయునిగా నమోదైనట్లు ఇచ్చిన పత్రం అది. "మా నాన్న దగ్గర ఓడ టిక్కెట్టుండేదిరా, నా దగ్గర ఇదుంది" అనేవారు. అది ఆయన అంత భద్రంగా ఎందుకు దాచుకున్నారో అప్పుడు మాకు బోధపడలేదు.

సరిహద్దు అనగానే ముళ్ళ కంచె, తుపాకీ పట్టిన సిపాయి మనకు గుర్తుకు వస్తారు. సముద్రంపై కంచె లేదు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుండి చేపల వేటకు పోయిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ అధికారులు తమ జలాలలో ప్రవేశించారని పట్టుకున్నారు. వారు ఏ దేశంలోనూ ప్రవేశించాలని బయలుదేరినవారు కారు. చేపల వెంట పోయినవారు. అయినా ఏడాదికి పైగా కరాచీ జైలులో ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా వద్ద స్వదేశంలో అడుగుపెట్టారు. 2025లో వచ్చిన "తండేల్" చలనచిత్రానికి ఆధారం ఈ సంఘటనే. ఇట్లు పట్టుబడినవారు విడుదల కావాలంటే వారు మన పౌరులేనని ముందుగా మన ప్రభుత్వం ధ్రువపరచవలెను. సాక్ష్యపత్రం అని మేము పాస్‌పోర్టును అన్నది ఇందుకే. చేతిలో పుస్తకం లేనివాడికి ఆ సాక్ష్యం జైలులో కూర్చుని ఎదురుచూడవలసిన వస్తువు అవుతుంది.

ఇక మన గుమ్మం సంగతి. అరకు లోయకూ, బొర్రా గుహలకూ పోయే విదేశీయులు మన కోట మీదుగానే పోతారు. వారిని చూసి ఆశ్చర్యపడడమే గాని, ఏ నియమాలకు లోబడి వచ్చారో మనం ఆలోచించము. సామాన్యంగా విదేశీయుని పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, ముద్రలు వేయడానికి రెండు ఖాళీ పుటలుండాలి, వచ్చిన పనికి తగిన వీసా ఉండాలి. నేపాల్, భూటాన్ పౌరులకు వీసా అక్కరలేదు. 2014 నవంబరు నుండి కొన్ని దేశాలవారికి ఇంటి వద్ద నుండే కంప్యూటరు ద్వారా దరఖాస్తు చేసుకుని పొందే ఈ-వీసా సౌకర్యం ఏర్పడి, తరువాత చాలా దేశాలకు విస్తరించింది. చదువుకో, ఉద్యోగానికో దీర్ఘకాలపు వీసాపై వచ్చి 180 రోజులకు మించి ఉండేవారు వచ్చిన 14 రోజులలోగా విదేశీయుల నమోదు అధికారి వద్ద పేరు నమోదు చేయించుకోవలెను.

1920 నాటి పాస్‌పోర్టు చట్టమూ, 1939, 1946 సంవత్సరాల విదేశీయుల చట్టాలూ, 2000 నాటి మరొక చట్టమూ రద్దయి, వాటి స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుండి ఒకే కొత్త చట్టం అమలులోకి వచ్చింది. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశించిన విదేశీయునికి ఐదేండ్ల వరకు జైలు గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. మన కళాశాల కమిటీ పెద్దలు గమనించవలసిన అంశం ఒకటి ఇందులో ఉన్నది. విదేశీ విద్యార్థిని చేర్చుకున్న విద్యాసంస్థ, విదేశీయునికి బస ఇచ్చిన హోటలు ఆ వివరాలను అధికారులకు తెలియజేయవలెను. రేపు మన కళాశాలకు పొరుగు దేశం నుండి ఒక విద్యార్థి వచ్చినా ఈ బాధ్యత మనదే.

మన పౌరుడు బయటకు పోయే హక్కును గురించి న్యాయస్థానాలు ఉదారంగానే ఆలోచించాయి. విదేశ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాతనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. న్యాయమైన పద్ధతి పాటించకుండా పాస్‌పోర్టును స్వాధీనపరచుకోరాదని 1978లో మేనకా గాంధీ కేసులో అదే కోర్టు స్పష్టం చేసింది. కాబట్టి పాస్‌పోర్టు విషయంలో మనకు అడిగే హక్కున్నది. వీసా విషయంలో అటువంటి హక్కు ఏదీ లేదు. అది ఇంటివారి ఇష్టం.

ఆ ఇష్టంలో వీసా తరగతి ముఖ్యం. సందర్శక వీసాపై పోయినవాడు ఉద్యోగం చేయరాదు. చేస్తే అక్కడి చట్టం దృష్టిలో నేరస్థుడు. జీతం ఎగవేసినా ఫిర్యాదు చేయడానికి భయపడవలసిన మనిషి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే, 1983 నాటి వలస చట్టం క్రింద ప్రభుత్వ అనుమతి కూడా పొందవలెను. కొందరు ఏజెంట్లు ఈ అనుమతి బెడద తప్పించుకోవడానికి సందర్శక వీసా చేతిలో పెట్టి, "అక్కడికి పోయాక మార్పిస్తాము" అంటారు. లైసెన్సు గల ఏజెంటు తన సేవకు తీసుకోదగినది పన్ను గాక రు. 30,000 మాత్రమే. ఈ అంకె తెలియకనే ఎన్నో కుటుంబాలు పొలం తాకట్టు పెడుతున్నాయి.

హజ్ యాత్ర కూడా ఇందుకు మినహాయింపు కాదు. పూర్వం మన యాత్రికులకు హజ్ కోసమే ప్రత్యేకమైన పాసు ఇచ్చేవారు. 2009 నుండి సౌదీ అరేబియా అందరికీ అంతర్జాతీయ పాస్‌పోర్టు తప్పనిసరి చేసింది. 2024 జూన్‌లో ఎండ తీవ్రతకు 1,301 మంది యాత్రికులు మరణించగా, వారిలో నూటికి 83 మంది అనుమతి లేకుండా వచ్చినవారని ఆ ప్రభుత్వం ప్రకటించింది. అనుమతి లేనివారికి చల్లని గుడారాలు లేవు, బస్సులు లేవు. వారు ఎండలో నడిచారు.

మరునాడు ఆ విద్యార్థి తన అన్న వీసా నకలు తీసుకుని వచ్చాడు. చాలా భాగం అరబీలో ఉన్నది. మాకు ఆ లిపి కూడబలుక్కుని చదవడమే వచ్చును గనుక ఉర్దూ అధ్యాపకుల గదికి తీసుకుపోయాము. వారు కళ్ళజోడు సవరించుకుని, ఒక మాట వద్ద వ్రేలు పెట్టి, "జియారా" అని చదివారు. దర్గాకు పోయి జియారత్ చేసి వచ్చామని మనవారు అంటారే, ఆ మాటే. అనగా సందర్శనం. పని అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ పిల్లవాడు అక్కడే నిలబడి, ఫోనులో అన్నతో, "అన్నయ్యా, రెండో వాయిదా డబ్బు ఇచ్చేశావా?" అని అడిగాడు. ఇంకా ఇవ్వలేదని అవతలి నుండి జవాబు వచ్చింది.