నూనె బాటమీద బంతి

తిన్నగా దొర్లించిన బంతి సగం దారి దాటాక తనంతట తాను పక్కకు తిరిగిందనుకోండి. అది చూసి మీరేమంటారు? గారడీ అంటారు. కాని అమెరికాలో ఎంతోమంది ఆడే, ఇప్పుడు మన హైదరాబాదులో కూడా ఆడుతున్న బౌలింగు ఆటలో ఈ గారడీ రోజూ జరుగుతూనే ఉంటుంది. ఇందులో మంత్రం లేదు. ఉన్నదల్లా కాస్త నూనె, కాస్త గరుకుతనం, బంతి కడుపులో ఒక బరువు.

ముందు ఆట సంగతి చూద్దాం. సుమారు మూడున్నర అడుగుల వెడల్పుగల నున్నటి బాట ఒకటి ఉంటుంది. ఆటగాడు నిలిచే గీతకు 60 అడుగుల దూరాన మొదటి పిన్ను, దాని వెనుక త్రికోణాకారంలో మరి తొమ్మిది పిన్నులు నిలబెట్టి ఉంటాయి. పిన్నులంటే గుండుసూదులు కావు. సీసా ఆకారంలో, ఒక్కొక్కటి మూడున్నర పౌన్ల బరువుండేవి! బంతి అడ్డుకొలత ఎనిమిదిన్నర అంగుళాలు. బరువు 16 పౌన్లకు మించరాదు. ఒక్క దెబ్బకు పది పిన్నులూ పడితే దాన్ని స్ట్రైకు అంటారు.

ఆ పదింటినీ బంతే పడగొడుతుందనుకుంటున్నారా? కాదు. చక్కని స్ట్రైకులో బంతి తాకేది నాలుగు పిన్నులనే. మిగిలిన ఆరూ తోటి పిన్నులు తగిలి పడతాయి. అలా జరగాలంటే బంతి ముందు పిన్నుకూ దాని పక్క పిన్నుకూ నడుమనున్న సందులోకి సుమారు 6 డిగ్రీల ఏటవాలుగా రావాలి. బాట అంచునుంచి తిన్నగా విసిరితే ఆ కోణం 2 డిగ్రీలైనా ఉండదు. అందుచేత బంతి ఒంపు తిరిగి రావలసిందే.

ఇక నూనె కథ. పూర్వం ఈ బాటలు మేపుల్, పైను చెక్కలతో చేసేవారు. బరువైన బంతులు దొర్లి చెక్క చెడిపోకుండా నూనె పూసేవారు. ఇప్పుడు చాలాచోట్ల కృత్రిమ పదార్థాల బాటలు వచ్చాయి. అయినా నూనె పూయడం మానలేదు, ఎందుకంటే ఆటలోని కిటుకంతా ఆ నూనెలోనే ఉన్నది. ఒక్కొక్క బాటకు సుమారు 25 మిల్లీలీటర్లు, అంటే అయిదు టీచెంచాలంత నూనెను యంత్రం పలచగా పరుస్తుంది. సాధారణంగా మొదటి 40 అడుగుల వరకే నూనె. చివరి 20 అడుగులూ పొడిగా ఉంటాయి. చాలాచోట్ల నడుమ ఎక్కువగా, అంచుల్లో తక్కువగా పూస్తారు.

వానాకాలంలో బురదలో దిగబడ్డ లారీని చూశారు కదా? చక్రం గిర్రున తిరుగుతుంది గాని బండి కదలదు. చక్రానికి గట్టినేల తగిలిందా, బండి ఒక్క ఊపున దూకుతుంది. ఈ బంతీ అంతే. ఆటగాడు వదిలేటప్పుడు వేళ్ళతో దాన్ని పక్కకు తిప్పి వదులుతాడు. నూనెలో పట్టు దొరకక బంతి తిరుగుతూనే తిన్నగా జారిపోతుంది. పొడి చోటుకు చేరగానే పట్టు దొరికి ఒంపు తిరుగుతుంది.

నూనె మరీ ఎక్కువైతే బంతి తిరగనే తిరగదు. మరీ తక్కువైతే తొందరపడి తిరిగి, పిన్నులను చేరేసరికి దాని ఊపు చచ్చిపోతుంది. అంటే, ఒకే ఆటగాడు ఒకే రకంగా విసిరినా నిన్న పది పడ్డచోట ఈరోజు ఆరే పడవచ్చు!

దీనికి మొదటి మందు బంతి పైపొర. నూనె ఎక్కువగా ఉంటే 500 లేక 1000 నెంబరు గరుకు బిళ్ళతో బంతిని రుద్దుతారు. నెంబరు చిన్నదైనకొద్దీ గరుకు ఎక్కువ. గరుకు బంతి నూనెలో కూడా కొంత పట్టు సంపాదిస్తుంది. నూనె తక్కువైతే 4000 నెంబరు బిళ్ళతో నునుపు చేస్తారు, లేదా మెరుగు పెడతారు. మెరుగుబంతి దూరం జారి, ఆలస్యంగా, చురుగ్గా తిరుగుతుంది.

పైపొర మహిమ లోకానికి బాగా తెలిసింది 1973లో. ఆ రోజుల్లో బంతులు పోలిస్టరు అనే గట్టి ప్లాస్టిక్కువి. డాన్ మెక్యూన్ అనే అమెరికా ఆటగాడు తన బంతిని ఒక రసాయన ద్రావకంలో నానబెట్టి పైపొరను మెత్తబరిచాడు. మెత్తని బంతికి పట్టు ఎక్కువ గదా! ఆ ఏడు అతను ఆరు పోటీలు గెలిచి, ఆ సంవత్సరపు మేటి ఆటగాడనిపించుకున్నాడు. ఆ తర్వాత, బంతి ఇంతకంటే మెత్తగా ఉండరాదని నియమం పెట్టారు. 1980 ప్రాంతంలో యురిథేను బంతులూ, 1990 తర్వాత నూనెను పీల్చుకునే సన్నని రంధ్రాలుగల రెజిను బంతులూ వచ్చాయి.

రెండో మందు, వేళ్ళు పెట్టే రంధ్రాలు తొలిచే చోటు. బంతి లోపల ఒక బరువు దిమ్మ ఉంటుంది. దాని తల ఎటున్నదో బంతిమీది చిన్న రంగుచుక్క చెబుతుంది. బంతి చుట్టుకొలత 27 అంగుళాలు. అందులో నాలుగోవంతు ఆరుముప్పావు అంగుళాలు. బంతి ఏ ఇరుసుమీద తిరుగుతుందో ఆ ఇరుసు కొనకు ఈ చుక్క సరిగా ఆనుకుని ఉన్నా, ఆరుముప్పావు అంగుళాల దూరాన ఉన్నా దిమ్మ నిలకడగా తిరుగుతుంది. సరిగ్గా సగం దూరంలో ఉంటే దిమ్మ 45 డిగ్రీలు వాలి, ఒరిగిన బొంగరంలా ఊగుతుంది. ఆ ఊపువల్ల ప్రతి చుట్టులోనూ బంతిలో నూనె అంటని కొత్తచోటు బాటను తాకి, పట్టు పెరుగుతుంది. నూనె ఎక్కువైన బాటలకు ఇది మంచిది. నూనె తక్కువైనచోటికి ఊపు తక్కువగా ఉండేటట్టు తొలుస్తారు.

ఈ రెండింటిలో ఏది ముందు? తెలివైనవారు ముందు పైపొరనే చూసుకుంటారు. గరుకుతనాన్ని కొద్ది నిమిషాల్లో మార్చవచ్చు. రంధ్రం మార్చాలంటే పాతది పూడ్చి కొత్తది తొలవాలి. అయితే పోటీ మొదలయ్యాక బంతిని రుద్దరాదని నియమం. ఆట సాగేకొద్దీ బంతులు నూనెను పీల్చి, ముందుకు ఈడ్చి, బాట గుణాన్నే మార్చేస్తాయి. అందుకని మంచి ఆటగాళ్ళు రకరకాల బంతులు వెంట తెచ్చుకుని, ప్రతి బంతి నడకనూ గమనిస్తూ ఉంటారు. కంటికి కనిపించని నూనెను బంతి నడకలో చదవడమే వారి విద్య.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చెయ్యండి. పెద్దవాళ్ళ అనుమతితో నున్నటి గచ్చుమీద మూడడుగుల మేర పౌడరు పలచగా చల్లండి. రబ్బరు బంతిని పక్కకు తిప్పుతూ దానిమీదుగా దొర్లించండి. తర్వాత అదే బంతిని పౌడరు లేనిచోట దొర్లించి, ఎక్కడ తిరుగుతుందో పోల్చి చూడండి. పరీక్ష అయ్యాక గచ్చు శుభ్రంగా తుడవడం మరవకండి, లేకపోతే జారేది బంతి ఒక్కటే కాదు!